ఫ్లోరెన్స్ పాతనగరంలో మూడు నక్షత్రాల పాతకాలపు హోటల్: పెద్దవాళ్లతో దిగవచ్చా?

కిటికీసీటు | సెప్టెంబరు 2

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండవ వారంలో అమ్మానాన్నలతో కలిసి ఇటలీ వెళుతున్నాను. అందులో అయిదు రాత్రులు ఫ్లోరెన్స్‌లో ఉండాలని అనుకుంటున్నాము. నాన్నగారికి డెబ్బయి ఒకటి, రోజూ నడిచే మనిషి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చదునైన దారిలో అరగంట నడవగలదు కానీ మెట్లు చూస్తే వెనకాడుతుంది.

రెండు హోటళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మొదటిది దువోమో ప్రధాన చర్చికి ఏడెనిమిది నిమిషాల నడకలో, ఒక పాత భవంతి రెండు, మూడు అంతస్తులలో ఒకే కుటుంబం నడుపుతున్న మూడు నక్షత్రాల హోటల్. ఫొటోలలో చెక్క దూలాల పైకప్పు, ఎర్రమట్టి పలకల నేల, పాత బీరువాలు కనిపిస్తున్నాయి. రెండవది వాయవ్యాన నోవోలి పేటలో, ట్రామ్ దారి పక్కన, ఈ మధ్య కట్టిన నాలుగు నక్షత్రాల హోటల్. అద్దె రెండింటికీ ఇంచుమించు ఒకటే, ఇద్దరి గదికి రాత్రికి 170 యూరోల దగ్గర. మనసు మొదటిదాని వైపు లాగుతోంది, భయం రెండవదాని వైపు తోస్తోంది. పాతనగరంలో ఇటువంటి హోటళ్లలో బస చేసినవారు ఉన్నదున్నట్టు చెప్పగలరు.

రాతిబాట | సెప్టెంబరు 2

కిటికీసీటు గారూ, ఫ్లోరెన్స్ పాతనగరంలో నేను మూడుసార్లు, మూడు వేర్వేరు హోటళ్లలో దిగాను. మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఆ హోటల్ మంచిదా కాదా అన్నది కాదు, మీకు ఇవ్వబోయే గదికి వీధి తలుపు నుంచి ఎన్ని మెట్లు ఉన్నాయన్నది.

అక్కడ నేల మట్టాన ఉన్నదానిని అంతస్తుగా లెక్కపెట్టరు. దానిని ‘పియానో తెర్రా’ అంటారు, మొదటి అంతస్తు దాని మీద మొదలవుతుంది. కొన్ని భవంతులలో ఆ రెండింటి మధ్య పొట్టి పైకప్పుతో ఒక మధ్య అంతస్తు కూడా దూరి ఉంటుంది, దానినీ లెక్కలోకి తీసుకోరు. అందుచేత ‘మూడవ అంతస్తు’ అని రాసి ఉన్నచోట నాలుగు అంతస్తులంత ఎత్తు ఎక్కవలసి రావచ్చు. పైగా ఇవి ఒకప్పుడు సంపన్న కుటుంబాలు తమ కోసం కట్టుకున్న ఇళ్లు. అతిథులను కూర్చోబెట్టే ప్రధాన అంతస్తు పైకప్పును గొప్ప కోసం చాలా ఎత్తున లేపేవారు. పైకప్పు ఎత్తు పెరిగితే మెట్ల సంఖ్యా పెరుగుతుంది కదా. నేను మొదటిసారి దిగిన చోట రెండవ అంతస్తుకు డెబ్బయికి పైగా మెట్లు లెక్కపెట్టాను, పెట్టె మోసుకుంటూ.

లిఫ్ట్ ఉందని రాసినా సంతోషించవద్దు. అది వీధి తలుపు దగ్గరే మొదలవుతుందా, లేక అర వరుస మెట్లు ఎక్కాక మొదలవుతుందా అన్నది విడిగా అడగాలి. రెండవసారి దిగిన హోటల్‌లో తొమ్మిది మెట్లు ఎక్కితే గానీ లిఫ్ట్ ముఖం కనిపించలేదు.

చక్రాలపెట్టె | సెప్టెంబరు 3

నేను తిరుగులేకుండా నోవోలికే ఓటు వేస్తాను. ఏడాది క్రితం అత్తగారితో పాతనగరంలో ఒక మూడు నక్షత్రాల చోట దిగాము. లిఫ్ట్‌లో ఇద్దరు మనుషులు పడతారు, పెట్టె పడదు. లేదా ఒక మనిషి, ఒక పెట్టె పడతాయి. నలుగురం, అయిదు పెట్టెలతో పైకి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. రాత్రి పదకొండు తరువాత రిసెప్షన్‌లో మనిషి లేడు, వీధి తలుపుకు వాళ్లిచ్చిన పాత తాళంచెవి తిరగలేదు. మంచాలు కిర్రుమన్నాయి. స్నానాల గదిలో మోచేయి తిప్పితే గోడ తగిలింది. కిటికీ అందం అయిదు నిమిషాలు చూస్తాము, మోకాళ్లు అయిదు రోజులూ మోస్తాయి. ట్రామ్ ఉండగా ఊరికి దూరమన్న బెంగే అక్కరలేదు.

పాతగోడలు | సెప్టెంబరు 3

చక్రాలపెట్టె గారి బాధ నిజమైనదే, అయితే అది ఆ యజమాని నిర్లక్ష్యం ఒక్కదాని వల్ల వచ్చినది కాకపోవచ్చు. పాత కట్టడాల మరమ్మతు పనితో నాకు కొంత సంబంధం ఉంది కాబట్టి కారణం చెబుతాను.

ఫ్లోరెన్స్ చారిత్రక కేంద్రం 1982 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. దానికంటే ముఖ్యంగా, ఇటలీలో రక్షిత కట్టడంగా గుర్తించిన భవనంలో గోడ కదపాలన్నా, మెట్ల మలుపు మార్చాలన్నా, వీధి ముఖాన ఏసీ యంత్రం బిగించాలన్నా సాంస్కృతిక వారసత్వ శాఖ అనుమతి కావాలి. 2004లో వచ్చిన వారసత్వ స్మృతి ఆ అధికారాలను ఒకచోట చేర్చింది. కొత్తగా లిఫ్ట్ గొయ్యి తవ్వే వీలు లేని చోట యజమానికి మిగిలేది మెట్ల చుట్టు మధ్యనున్న ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీ ఎంత ఉంటే లిఫ్ట్ అంతే. కింది మెట్ల వరుస వెడల్పుగా, వంపు తిరిగి ఉంటే ఆ వరుస దాటాక గానీ లిఫ్ట్‌ను మొదలుపెట్టలేరు. రాతిబాట గారి తొమ్మిది మెట్ల రహస్యం అది.

ఇక్కడ చాలామందికి తట్టని ఒక మాట చెబుతాను. పాతనగరంలో ఉన్నవన్నీ పాత భవనాలు కావు. 1944 ఆగస్టులో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఆర్నో నది మీది వంతెనలను పేల్చివేసింది, పోంతె వెక్కియో ఒక్కదానిని వదిలింది. కానీ ఆ వంతెనకు దారి మూసేందుకు రెండు కొనలలోనూ ఉన్న ఇళ్లను కూల్చింది. కాబట్టి పోర్ సాంతా మరీయా వీధిలో, అవతలి ఒడ్డున బోర్గో సాన్ యాకోపో మొదటి భాగంలో మీకు కనిపించే భవనాలు చాలామటుకు యుద్ధం తరువాత కట్టినవి. అటువంటి భవనంలో హోటల్ దొరికితే లిఫ్ట్ వీధి మట్టం నుంచే మొదలయ్యే అవకాశం ఎక్కువ. దూలాల పైకప్పు మాత్రం ఉండదు. మోకాళ్ల సమస్య ఉన్నవారికి ఇది నోవోలికీ పాతభవంతికీ నడుమ మూడవ దారి.

కిటికీసీటు | సెప్టెంబరు 4

పాతగోడలు గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు, ఆ మూడవ దారి నాకు తట్టనే లేదు. అయితే అంత పాత భవనంలో బస చేయడమే అమ్మ కోరిక; పెళ్లయిన కొత్తలో ఎవరో పంపిన ఫ్లోరెన్స్ పోస్టుకార్డును ఇప్పటికీ దాచుకున్న మనిషి. నేల మట్టాననే గది అడిగితే ఎలా ఉంటుంది? అలాగే అక్టోబరులో చలి ఉంటే గదిలో వేడి అందుతుందా?

పాతగోడలు | సెప్టెంబరు 4

నేల మట్టం గది దొరకడం అరుదు, దొరికినా నేను తీసుకోను. ఆ అంతస్తును ఎప్పటినుంచో దుకాణాలకు, గిడ్డంగులకు వాడుతున్నారు. కిటికీలకు ఇనుప ఊచలు, గోడలకు చెమ్మ, తల పక్కనే వీధి మాటలు. నదికి దగ్గరి వీధులలో ఆ గోడలు నీళ్లు కూడా తాగాయి. 1966 నవంబరు 4న ఆర్నో పొంగినప్పుడు నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే పలకలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి; సాన్ రెమీజియో వీధిలోనైతే 1333 నాటి వరద గుర్తూ 1966 నాటి గుర్తూ ఒకే మూలన చూడవచ్చు. మొదటి అంతస్తు గది అడగండి. ఎత్తయిన పైకప్పు, పెద్ద కిటికీలు ఉండేది అక్కడే, లిఫ్ట్ చెడిపోయినా ఒక్క అంతస్తే దిగాలి. మీరు చూసిన హోటల్ రెండవ అంతస్తులో మొదలవుతున్నదంటున్నారు కనుక కనీసం పై అంతస్తు వద్దని రాయండి.

చలిమంట | సెప్టెంబరు 4

వేడి విషయం నేను చెబుతాను. ఇటలీలో ఇళ్లు వేడి చేసుకోవడానికి తేదీలున్నాయి. దేశాన్ని శీతోష్ణస్థితిని బట్టి మండలాలుగా విభజించారు. ఫ్లోరెన్స్ ఉన్న ‘డి’ మండలంలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 12 గంటలకు మించకుండా వేడి వాడుకోవాలి. కాబట్టి అక్టోబరు రెండవ వారంలో ఏ హోటల్‌లోనూ వేడి ఉండదు, దుప్పట్లు అడిగి తీసుకోవడమే.

పాతగోడలు | సెప్టెంబరు 5

చలిమంట గారూ, తేదీలు సరిగ్గానే చెప్పారు కానీ ముగింపు సరికాదు. ఆ నియమావళి 1993 నాటిది. ఆసుపత్రులతో పాటు హోటళ్లను కూడా దాని నుంచి మినహాయించారు. అద్దె అపార్ట్‌మెంట్‌లో దిగితేనే మీరు చెప్పినది వర్తిస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. హోటల్ భవనంలో రెండు అంతస్తులు మాత్రమే వాడుకుంటూ, మిగతా ఇళ్లతో ఉమ్మడిగా ఒకే బాయిలర్ మీద ఆధారపడి ఉంటే, చట్టం ఒప్పుకున్నా పక్కింటివాళ్లు ఒప్పుకోవాలి. అందుకని ‘అక్టోబరులో వేడి ఉంటుందా’ అని అడిగితే ‘ఉంటుంది’ అనేస్తారు; ‘గదిలో మేమే అదుపు చేసుకునే యంత్రం ఉందా’ అని అడగండి.

చలిమంట | సెప్టెంబరు 5

మినహాయింపు సంగతి నాకు తెలియదు, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. నేను వణికింది అపార్ట్‌మెంట్‌లోనే.

నిదరమొద్దు | సెప్టెంబరు 6

మెట్ల గురించి అందరూ చెప్పారు, నిద్ర గురించి ఎవరూ చెప్పలేదు. నా పేరు చూసి నవ్వుకోకండి, నిద్ర చెడితే నేను మనిషిని కాను.

ఈ భవంతుల నడిమిన మన మండువా వంటి ఖాళీ వాకిలి ఒకటి ఉంటుంది. వీధి వైపు గదికి వెలుగూ, చూపూ ఉంటాయి. మండువా వైపు గదికి నిశ్శబ్దం ఉంటుంది. ఇరుకైన రాతి వీధిలో రెండు వైపులా ఎత్తయిన గోడలు ఉండడం వల్ల, రాత్రి ఒంటిగంటకు కింద ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా మూడవ అంతస్తులో మాట మాటా వినిపిస్తుంది. తెల్లవారకముందే వీధులు కడిగే బండి వస్తుంది. తరువాత గంటలు. దువోమో పక్కనున్న గంటల గోపురం ఒక్కటే కాదు, నాలుగడుగులకొక చర్చి ఉన్న ఊరు అది. గంటలంటే ఇష్టమున్నవారికి అది వరం, నాకు మాత్రం అలారం.

పేటను బట్టి కూడా తేడా ఉంటుంది. సాంతా క్రోచె చర్చి పడమటి వైపు వీధులలో, నది అవతల సాంతో స్పిరితో చౌకు చుట్టుపక్కల రాత్రి పొద్దుపోయేదాకా జనం ఉంటారు. సాన్ మార్కో, సాంతిస్సిమా అనున్‌త్సియాతా చౌకుల వైపు ఉత్తరాన చీకటి పడ్డాక త్వరగా సద్దుమణుగుతుంది. మీ హోటల్ ఎటువైపో చూసుకోండి.

మండువా వైపు గదిలోనూ ఒక చిక్కు ఉంది. వీధి ముఖాన పెట్టనివ్వని ఏసీ యంత్రాలన్నీ చేరేది ఆ మండువాలోనే. వేసవిలో అయితే వాటి రొద ఒకటి, కిటికీకి దోమతెర లేకపోవడం మరొకటి. అక్టోబరులో ఆ బాధ తక్కువ.

చక్రాలపెట్టె | సెప్టెంబరు 6

అంటే వీధి వైపైతే జనం, లోపలి వైపైతే యంత్రాలు. నేను నోవోలి అన్నది ఇందుకే.

నిదరమొద్దు | సెప్టెంబరు 6

నోవోలిలో పెద్ద రోడ్డు ఉంటుందండీ. నిశ్శబ్దం హోటల్‌లో ఉండదు, గదిలో ఉంటుంది. పైగా మధ్యాహ్నం కాళ్లు పీకినప్పుడు గదికి పోయి గంటసేపు నడుం వాల్చి మళ్లీ బయటికి రావడం నడిబొడ్డున దిగినవారికే సాధ్యం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఆ గంట ఎంత విలువైనదో మీరే ఆలోచించండి. ట్రామ్ ఎక్కి వెనక్కి వెళ్లినవారు మళ్లీ రారు.

చక్రాలపెట్టె | సెప్టెంబరు 7

మధ్యాహ్నపు గంట విషయంలో మీ మాట కాదనలేను. మేము ఆ సౌకర్యం వాడుకున్నాము, చెప్పడం మరిచాను.

తోవతప్పినవాడు | సెప్టెంబరు 8

చేరుకోవడం గురించి నా వంతు. ఫ్లోరెన్స్‌లో ఒకే వీధికి రెండు వరుసల ఇంటి నంబర్లు ఉంటాయి. దుకాణాలకు, తినుబండారాల చోట్లకు ఎర్ర నంబర్లు. నివాసాలకు, సాధారణంగా హోటళ్లకు నలుపు లేదా నీలం నంబర్లు. ఎర్ర నంబరును కాగితం మీద రాసేటప్పుడు చివర ‘ఆర్’ అక్షరం చేరుస్తారు. రెండు వరుసలూ ఎవరి దారిన అవి నడుస్తాయి కాబట్టి ఎర్ర 12 ఒకచోట, నీలం 12 దానికి వంద అడుగుల దూరాన ఉండవచ్చు. చీకటి పడ్డాక నేను ఒక తోలు సంచుల దుకాణం మూసిన షట్టరును పావుగంట కొట్టాను, అదే హోటల్ అనుకుని.

నంబరు దొరికాక బోర్డు కోసం వెతకవద్దు. పెద్ద చెక్క తలుపు పక్కన ఇత్తడి పలకలో ఇళ్లవాళ్ల పేర్ల మధ్య హోటల్ పేరు, ఎదురుగా ఒక మీట ఉంటాయి.

విమానాశ్రయం నుంచి 2019లో మొదలైన టీ2 ట్రామ్ సాంతా మరీయా నోవెల్లా రైల్వే స్టేషన్ దగ్గరకు చేరుస్తుంది, 2025 జనవరి నుంచి దానిని సాన్ మార్కో చౌకు దాకా పొడిగించారు. స్టేషన్ నుంచి దువోమోకు నడక పది, పన్నెండు నిమిషాలే కానీ రాతి పలకల మీద పెట్టె చక్రాలు గెంతుతాయి. పెద్దవాళ్లున్నప్పుడు స్టేషన్ ముందు వరుసలో నిలిచిన తెల్ల టాక్సీ ఎక్కడం మేలు.

ప్రవాసబాటసారి | సెప్టెంబరు 8

కారు అద్దెకు తీసుకుని హోటల్ దాకా వెళితే పెట్టెల బాధ తప్పుతుంది కదా?

తోవతప్పినవాడు | సెప్టెంబరు 9

తప్పదు, పెరుగుతుంది. పాతనగరమంతా వాహనాల పరిమిత మండలం. పనిదినాలలో ఉదయం ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు, శనివారం సాయంత్రం నాలుగు వరకు అనుమతి లేని కారు లోపలికి వస్తే గేటు ఏదీ ఆపదు, కెమెరా నంబరు పట్టుకుంటుంది. వేసవిలో కొన్ని రాత్రులు కూడా ఉంటుంది. హోటల్ వారికి కారు నంబరు ఇస్తే సామాను దింపుకోవడానికి అనుమతి నమోదు చేస్తారు, కానీ వారు మరిచిపోతే జరిమానా మీది. విదేశీయులకు నోటీసు పంపడానికి 360 రోజుల గడువు ఉంది. యాత్ర మరిచిపోయాక వస్తుంది ఆ ఉత్తరం.

లెక్కలపుస్తకం | సెప్టెంబరు 10

రెండు చిన్న విషయాలు. బుకింగ్ మొత్తంలో నగర బస పన్ను సాధారణంగా కలవదు, హోటల్ దగ్గర విడిగా కట్టాలి. నక్షత్రాలను బట్టి మనిషికి, రాత్రికి లెక్క. 2023లో పెంచిన ప్రకారం మూడు నక్షత్రాలకు 6 యూరోలు, వరుసగా ఏడు రాత్రులకు మించి తీసుకోరు. ముగ్గురు, అయిదు రాత్రులు అంటే 90 యూరోలు పక్కన పెట్టుకోండి. పాస్‌పోర్టులు అడిగితే కంగారు పడవద్దు; దిగినవారి వివరాలు ఇరవై నాలుగు గంటల్లోగా పోలీసులకు పంపడం అక్కడి హోటళ్ల విధి.

మంచాల మాట కూడా. ‘మాత్రిమోనియాలే’ అంటే దంపతుల మంచం, ‘దోప్పియా’ అంటే రెండు విడి మంచాలు. దంపతుల మంచం అడిగినా చాలాచోట్ల రెండు పరుపులను కలిపి ఒకే దుప్పటి పరుస్తారు. మీ నాన్నగారు రాత్రి పొర్లే మనిషైతే అది మంచిదే.

కిటికీసీటు | సెప్టెంబరు 12

మీ అందరి మాటలనూ ప్రశ్నలుగా మార్చి ఆ కుటుంబ హోటల్‌కు ఉత్తరం రాశాను: వీధి తలుపు నుంచి లిఫ్ట్ వరకు మెట్లెన్ని, లిఫ్ట్ లోపలి కొలత ఎంత, రెండవ అంతస్తులో మండువా వైపు గది ఇవ్వగలరా, వేడి యంత్రం గదిలోనే ఉందా, రాత్రి తలుపు ఎవరు తీస్తారు. మరునాడే యజమానురాలు ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబిచ్చారు. లిఫ్ట్‌కు ముందు అయిదు మెట్లున్నాయని, ఒక వైపు చేతిపట్టు ఉందని, లిఫ్ట్‌లో ఇద్దరు పడతారని, పెట్టెలు తమ అబ్బాయి మోస్తాడని రాశారు. నోవోలి హోటల్ నుంచి ‘మీ విచారణకు ధన్యవాదాలు’ అన్న తయారు జవాబు వచ్చింది. పాతదే బుక్ చేశాను.

రాతిబాట | సెప్టెంబరు 12

మెట్లు దాచకుండా చెప్పారంటే మిగతావీ నిజమే చెప్పి ఉంటారు. వెళ్లి వచ్చాక తప్పకుండా రాయండి.

కిటికీసీటు | అక్టోబరు 23

వచ్చేశాము. అయిదు మెట్లు అన్నారు, ఆరు ఉన్నాయి. మొదటిది అరిగిపోయి నేలలో కలిసినట్టు ఉండడంతో లెక్కలోకి రాలేదనుకుంటాను. అమ్మ రోజుకు రెండుసార్లు చేతిపట్టు పట్టుకుని ఎక్కింది. మధ్యాహ్నపు గంట సంగతి నిదరమొద్దు గారు చెప్పినట్టే జరిగింది, అది లేకపోతే మూడవ రోజుకే ఆగిపోయేవాళ్లము. నాన్నగారు ఒక ఉదయం గంటల గోపురం 414 మెట్లూ ఎక్కి వచ్చారు; ఆ సమయంలో అమ్మ గదిలో కిటికీ రెక్కలు ఓరగా తీసి, మండువాలో ఎవరో బట్టలు ఆరేయడం చూస్తూ కూర్చుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. నా గది వీధి వైపు ఇచ్చారు, రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు. స్నానాల గదిలో చక్రాలపెట్టె గారి మోచేయి గుర్తొచ్చింది. మూడవ నాడు లిఫ్ట్ సాయంత్రం దాకా పనిచేయలేదు. ఆ పూట యజమానురాలు రెండవ అంతస్తు మెట్ల మలుపులో ఒక కుర్చీ వేయించి, అమ్మ పక్కన తానూ నిలబడి, ఆయాసం తీరాక మిగతా మెట్లు ఎక్కించారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఏం మాట్లాడుకున్నారో అడిగితే అమ్మ ‘మోకాళ్ల గురించే’ అంది, ఆవిడకూ నొప్పులున్నాయట.

చక్రాలపెట్టె | అక్టోబరు 23

మండువా వైపు గది నంబరు చెబుతారా? ఏప్రిల్‌లో అత్తగారు మళ్లీ వెళదామంటున్నారు.

కిటికీసీటు | అక్టోబరు 24

నంబరు కాదండీ, ఆ గదులకు పువ్వుల పేర్లు పెట్టారు. మీకు విడిగా సందేశం పంపుతున్నాను. వీధి వైపున్న నా గది పేరు కూడా పంపుతాను, అది మాత్రం తీసుకోవద్దు.